రిమార్కుల గడి

మొఖోత్లాంగ్ కొండల్లో జూన్ నెల పొద్దు.
గడ్డి మీద మంచు ఇంకా కరకరలాడుతోంది.
టేపు కొస ఎడమ గట్టు మేకుకి తగిలించి
వాగు దాటి వచ్చాం, రెండో కొస పట్టుకుని.
కుడి గట్టున మేకు లేదు.

గొర్రెలు కాసే కుర్రాడి పనే అన్నాడు సెఖోబో,
గుర్రాన్ని కట్టేయడానికి మంచి ఇనుమట అది.
కుర్రాడు దుప్పటి ముక్కుదాకా లాక్కుని
మమ్మల్నే చూస్తున్నాడు,
ఔనని లేదు, కాదని లేదు.

మేం గట్టంతా గాలించాం.
మొత్లలెపులా మాత్రం పావడా ఎగజెక్కి
నీళ్లలోకి దిగింది.
ఆమె పేరుకి వానతో వచ్చినది అని అర్థం.
ఆమె పుట్టిన రాత్రి ఈ వాగు దాటలేక
మంత్రసాని తెల్లారేదాకా అవతలే కూర్చుందట.

"ఇదిగో" అంది.
విరిగిపడ్డ మట్టిపెళ్ల కింద, మడుగులో,
నెత్తిన ఎర్రరంగుతో మా మేకు.
నిరుడు పట్టుకున్న గడ్డివేళ్లని
ఇంకా వదిలిపెట్టలేదు.
కుర్రాడు అప్పుడు నవ్వాడు,
దుప్పటి లోపల్నించే.

ఇక కొలత.
స్టాఫ్ ఆమె పట్టుకుంటుంది, సెఖోబో చదువుతాడు,
నేను రాస్తాను.
రాయి నెత్తిన పెట్టాలా, రాళ్ల సందున ఇసకలో పెట్టాలా
అని అడుగడుగుకీ ఒక తగవు.
అతను అరిచిన అంకెని గాలి సగం కొరికేస్తుంది,
మిగతా సగం నేను మళ్లీ అడిగి తెచ్చుకుంటాను.
పెన్ను గడ్డకట్టింది. పెన్సిల్ నయం.
పన్నెండు మీటర్ల దగ్గర నిరుడు లోతైన చోటు,
ఇప్పుడక్కడ గులకరాళ్ల దిబ్బ, దాని మీద ఒక పిట్ట.
లోతు మెల్లగా కుడికి జరిగింది,
నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు.

పదిహేడు మీటర్లు.
నిరుటి పేజీ తిప్పి చూశాను.
రిమార్కుల గడిలో నా చేతిరాతే:
"జొన్న మోళ్లు."
ఎవరి జొన్నో ఆ గడిలో పట్టలేదు.

తలెత్తాను.
తన చేలో మోకాటిలోతు నీళ్లలో నిలబడి
మొత్లలెపులా స్టాఫ్ పట్టుకుని ఉంది.
నీటి వేగానికి కాళ్లు వణుకుతున్నాయి.
స్టాఫ్ వెనక చిన్న గాజులో
బుడగ మధ్యలోంచి కదల్లేదు.

"నీళ్లు" అని రాశాను.
కాసేపాగి పక్కనే "చలి" అని రాసి
కొట్టేశాను.

చివరికి కొత్త మేకు.
గట్టంచు నుంచి మూడడుగులు వెనక్కి చాలన్నాడు సెఖోబో,
సుత్తి కుర్రాడి చేతికిస్తూ.
ఆమె పావడా పిండుకుంటూ
గట్టు వైపు చూడనైనా చూడలేదు.

"పది" అంది.