జోబీలో నట్టు

ఉరవకొండలో నీళ్ళిడిసేది నేను.
పదకొండేండ్లుగా
యా వీధికి యా పొద్దు నీళ్ళో
నా చేతిలోని పానాకు తెలుసు.

మొన్న మంగళవారం ఇంకా తెల్లారకముందే
అనంతపురం రోడ్డు కాడ పైపు పగిలింది.
ఆడ ఉండింది ముగ్గురం.
నేను, నా బామ్మర్ది సుంకన్న,
చెనిక్కాయల మూట నెత్తినుంచి దించి
నోరు తెరిచి నిలబడిన ఎర్రిస్వామి.
ముగ్గురం తడిసినాం.
మనిషెత్తు లేచిన నీళ్ళకు టార్చి కొట్టి
ముగ్గురం చూసినాం,
వాల్వు నట్టు తుప్పు పట్టి, అరిగి
ముసలి పన్ను మాదిరి ఊడిపోయిందని.
"పాతదై పోయిందిలేప్పా" అన్నది ఎర్రిస్వామే.
దాదు అంగట్లో తలా ఒక టీ తాగినాం.
దుడ్లు సుంకన్న ఇచ్చినాడు.

జరిగింది అంతే.

తొమ్మిదికి ఒక టీవీలో
పైపును వాళ్ళు పగలగొట్టినారు.
తొమ్మిదింపావుకు ఇంకో టీవీలో
వీళ్ళు పగలగొట్టినారు.
ఒకదాంట్లో గడ్డపార బొమ్మ,
ఇంకోదాంట్లో గొడ్డలి,
కింద ఎర్రక్షరాలు
కుక్క తరిమినట్టు పరిగెత్తుతాండాయి.
నీళ్ళు మాత్రం రెండిట్లోనూ ఒకటే.
నా సెల్లులో నేను తీసిన నీళ్ళే అవి.
"నట్టు ఊడింది సార్, తొందరగా రాండి"
అని ఇంజినీరుకు చెప్పిన నా గొంతు తీసేసి
దాని చోట డప్పులు పెట్టినారు.

ఇద్దరు విలేకరులు ఫోను చేసినారు.
"తుప్పన్నా" అంటే
"తుప్పు కాదు, మనిషి పేరు చెప్పు" అన్నాడొకడు.
రెండోవాడు నేను చెప్పకముందే
పేరు తనే చెప్పి, "అంతేగా?" అన్నాడు.

నాలుగు దినాలు పోయినాక సుంకన్న అంటాడు,
"మావా, ఎవడో పరిగెత్తిన చప్పుడు ఇన్యా ఆ పొద్దు."
ఎర్రిస్వామి అంటాడు,
"లైట్లు ఆపిన జీపు చూసినా, చింతచెట్టు కింద."
ఒరే, నా పక్కనే కదరా ఉండింది మీరు!
సలికి మీ పండ్లు కొట్టుకున్న చప్పుడు తప్ప
నాకేమీ ఇనపడలేదే.
చింతచెట్టు రోడ్డు ఎడల్పులో కొట్టేసి
మూడేండ్లాయె కదప్పా.

దాదు రిమోటును చక్కెర డబ్బాలో దాచినాడు.
ఐనా ఎదురుగా ఇంకో టీ అంగడి లేచింది,
ఇంకో టీవీతో.
ఇప్పుడు రోడ్డుకు ఈ పక్కా ఆ పక్కా
రెండు టీవీలు
పంపకాలు తెగని తోడికోడండ్ల మాదిరి
పొద్దస్తమానం తిట్టుకుంటాంటే
మధ్యలో బస్సు కోసం నిలబడినోళ్ళు
యా పక్క నీడకు పోవాలన్నా ఆలోచిస్తాండారు.

చెనిక్కాయ పీకే కాలం వచ్చింది.
ఏటా పోయే సుంకన్న ట్రాక్టరు
ఈ ఏడు ఎర్రిస్వామి చేనికి పోలేదు.
అడగలేదని ఇతను, పిలిస్తే వస్తాడాని అతను.
ముసురు పట్టింది.
ఐదెకరాల కాయ మట్టిలోనే మొలకలెత్తింది.
ఆ మొలకల్ని ఎవరూ టీవీలో చూపించలేదు.
గడ్డపార బొమ్మ దానికి అతకదేమో.

నేను మాత్రం తక్కువోణ్ణా?
రాత్రి సంగటి ముందర కూర్చుంటే
నా టీవీ నాకుండాది.
అది నాకు గిట్టనోళ్ళను తిడతాంటే
ముద్ద గొంతులో నున్నగా జారుతాది.
ఊరిబిండి ఇంకొంచెం ఎయ్యమంటాను.

నిన్న హొన్నూరమ్మ ఎయ్యలేదు.
గరిటె పట్టుకోనే అడిగింది,
"నిజంగా నట్టేనా?
చీకట్లో నువ్వు సరిగా చూసినావా?
మా అన్న అబద్ధం చెప్పే మనిషి కాదే."

జోబీలోంచి నట్టు తీసినా.
ఆ పొద్దు బురదలో ఏరుకున్నది,
అప్పట్నుంచి చొక్కా మారినా జోబీ మారనిది.
బల్బు కిందికి పట్టుకోని తిప్పినా.
తుప్పు. మళ్ళా తుప్పు. చేతికంతా ఎరుపు.

ఒక అంచున సన్నని గీత.

నా పానా గీసిందే అయ్యుంటాది.
నా పానాదే.

టీవీ సౌండు తగ్గించమన్నా.
నట్టును ఇంకొంచెం వెలుగులోకి జరిపినా.
ఈ గీత
మొన్న ఉండిందా?