ఎనిమిదొందల యాభై

బెంగుళూరు నుంచి గన్నవరం దాకా
మమ్మల్నెవరూ ఏమీ అడగలేదు.
టిక్కెట్టు పెళ్లివారిది.
కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలో ముందే రాసుంది.
బెల్టు ఆ పిల్లే వచ్చి బిగించింది.
నా జల్లిగంటెను మాత్రం చేతిసంచిలోంచి తీసి
ఆయుధమన్నారు.
ముప్పై ఏళ్లుగా నూనెలోంచి బూరెలు దేవడం తప్ప
దానికింకో పాపం తెలీదు.
దిగాక చూస్తే, చక్రాల పెట్టెల మధ్య
గోనెసంచిలో ఒక్కత్తే
గుండ్రంగా తిరుగుతూ వస్తోంది,
ఊరేగింపులో దారి తప్పినట్టు.

తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి.
బయట మన ఉక్క. రాత్రి తొమ్మిదిన్నర.

"టాక్సీ అయితే ఎనిమిదొందల యాభై, మేడమ్."
మేడమ్ ఎవరా అని వెనక్కి చూశాను.
సిటీ బస్సు సంగతడిగితే
ఒకాయన ఉందన్నాడు, ఒకాయన ఉండేదన్నాడు.
గేటు దాటి హైవే దాకా నడిస్తే
సీటు ఆటోలట, నలభై ఇస్తే రామవరప్పాడు రింగు.

నాంచారమ్మ అక్కడే నిలబడి లెక్క కట్టింది.
"ఎనిమిదొందల యాభై!
రెండు బస్తాల ఉల్లిపాయలకి ఏడిస్తే గానీ రాదే తల్లీ."

నిజమే. కానీ నాంచారీ,
ఎన్ని పెళ్లిళ్లకెళ్లాం మనం, వ్యాను వెనక,
గుండిగల మధ్య,
మలుపు మలుపుకీ మూత జారకుండా కాలడ్డం పెట్టుకుని!
ముందు సీటెప్పుడూ మాస్టరుదే.
ఇవాళ పట్టుకోవడానికి ఒక్క గిన్నె లేదు.
రా, ఎక్కు.

రానంది.
సగం నేనిస్తానన్నాను.
మొత్తం నేనే ఇస్తానన్నాను.
మొత్తం అన్నాకే కోపం వచ్చింది దానికి.
సంచి లాక్కుని చీకట్లోకి చరచరా నడిచిపోయింది.

టాక్సీలో ప్రశ్నల మీద ప్రశ్నలు.
ఏసీ ఎంతలో పెట్టమంటారు?
పాటలు వేయనా?
ఏలూరు రోడ్డా, రింగా?
వెయ్యి మంది పప్పుకి ఉప్పెంతో కళ్లు మూసుకుని చెప్తాను గానీ
చలి ఎంత కావాలో ఏం చెప్పను?
"మీరెంత పెట్టుకుంటే అంత, బాబూ."

కేసరపల్లి. గూడవల్లి. నిడమానూరు.
ఈ దారంతా నాకు వంటలతోనే గుర్తు.
ఇక్కడ పాకం ముదిరింది.
ఇక్కడ మూడొందల మంది ఎక్కువొచ్చారు.
అదుగో, ఆ లైట్లున్న హాల్లో పెళ్లి ఆగిపోయి
బూరెలన్నీ మేమే పంచుకున్నాం,
తింటుంటే ఎవరం మాట్లాడలేదు.

రింగు దగ్గర ఎర్ర లైటు.
పక్కనే వచ్చి ఆగింది ఆటో.
ఎనిమిది మంది, వాళ్ల మోకాళ్లు,
డ్రైవరు పక్కన అరసీటు మీద నాంచారమ్మ.
ఒక కాలు బయట, ఒళ్లో గోనెసంచి.
నా సంచి.
గొడవలో ఎవరిదెవరు తీసుకున్నామో చూసుకోలేదు.
జల్లిగంటె జారకుండా
రెండు చేతులా పట్టుకునుంది.

అద్దం మీద కొట్టాను.
దానికి వినపడలేదు.
ఏ బొత్తాం నొక్కితే అద్దం దిగుతుందో నాకు తెలీదు.
తలుపు పిడి లాగాను, తాళం పడింది,
మళ్లీ లాగాను.
అప్పుడు చూసింది నన్ను,
చేపలా నోరు ఆడిస్తూ
చల్లటి గాజులో.

డ్రైవరు అద్దం దించేలోపే
పచ్చ లైటు పడింది.
ఆటో ముందెళ్లిపోయింది,
ఇంత పొగా, ఎవరిదో నవ్వూ వదిలి.

సత్యనారాయణపురంలో మా సందులోకి కారు పట్టదు.
తొమ్మిదొందలిచ్చి
చిల్లర ఉంచుకోమన్నాను.
ఆ మాట అనడమూ మొదటిసారే.
మిగిలిన సందంతా నడిచాను, పక్క సంచితో,
అందులో దాని ఇంకో చీర, పెళ్లివారిచ్చిన తాంబూలం,
విమానంలో తినకుండా దాచిన బిస్కట్లు.

తెల్లారి నాలుగింటికి పొయ్యి దగ్గరికెళ్తే
జల్లిగంటె తోమి బోర్లించి ఉంది.
నాంచారమ్మ అప్పటికే ఉల్లిపాయల ముందు కూర్చుంది,
కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.
తలెత్తకుండానే అడిగింది:
"అద్దం దించడం వచ్చిందా?"