అంగుళం గడి

నరసన్నపేటలో బంగారం కొట్ల వెనక సందు,
మెట్ల కింద నా మిషను.
పదహారేళ్లుగా జాకెట్లు కుడతన్నాను.
ఎదురుగా రెడీమేడ్ కొట్టు తెరిచిన ఏడాది
నాకు మిగిలినవి హుక్కులు, ఫాల్సు, పీకో.

"నీ కటింగు అమ్ముకో పిన్నీ" అంది
జెరాక్సు కొట్టు గుంట హైమ.
"గుడ్డ కాదు, కుట్టు కాదు, కటింగు.
కాయితం మీద గీసియ్యి,
నాను ఫోన్లోకెక్కిస్తాను."

కాయితం ఎవులు కొంటారే అని నవ్వాను.
నవ్వి, గీసాను.
రాత్రుళ్లు, పాత పేపర్ల మీద,
ముప్పైరెండు ఛాతీ నుంచి నలబై నాలుగు దాకా
ఏడు సైజులు.
చంక వంపు దగ్గర చెయ్యి దానంతటదే తిరిగింది.
ఎలగ తిరిగిందో మాటల్లో రాయమంటే
నాలుగు రోజులు పట్టింది.

ధర దగ్గర తగువు.
పదహారేళ్లకి ఐదొందలన్నాను.
హైమ నలబై తొమ్మిదంది.
"పదహారేళ్లూ ఒకర్తికే అమ్మేస్తావేటి?"

మొదట రాసిన ప్రకటన నాకు బాగా నచ్చింది:
అన్ని మోడళ్లు, సరసమైన ధర, త్వరపడండి.
పదకొండు రోజులు ఎవులూ త్వరపడలేదు.
చూసినోళ్లు నూట నలుగురు,
సగం మా చుట్టాలే.
మా ఆడపడుచు దండం బొమ్మ పెట్టి ఊరుకుంది.

అప్పుడు మిషను మీద తల ఆనించి
ఈ మెట్ల కింద ఇన్నేళ్లూ విన్నవి తలుచుకున్నాను.
"చెయ్యెత్తితే జాకెట్టు పైకొచ్చేత్తంది."
"భుజం జారిపోతంది, బస్సులో సిగ్గు."
"పాలు తాగే పిల్లున్నాది, ముందు హుక్కులెట్టు."
అవే రాసాను.
నా మాట ఒక్కటీ కలపలేదు.

ఆ రాత్రి చారులో ఉప్పు చూస్తుంటే ఫోను పలికింది.
నలబై తొమ్మిది రూపాయలు.
మనిషెవులో తెలీదు, ఊరు తెలీదు,
నడుం కొలత తెలీదు.
నాను టేపు చుట్టకుండా జాకెట్టిచ్చిన మొదటి మనిషి.

లేచెళ్లి కాయితాల కట్ట చూసుకున్నాను.
అలాగే ఉంది.
అమ్మేసిన సరుకు ఇంట్లోనే ఉంటే
కాసేపు దొంగతనం చేసినట్టుంది.

వారం తిరక్కుండా వేములవాడ నుంచి ఫోను.
"అక్కా, నీ కాయితం పెట్టి కోస్తే
మా చెల్లె జాకెట్టు చిన్నగైంది.
పట్టుబట్ట అక్కా, ఎనిమిది వందలది."
గొంతులో తిట్టు లేదు.
అదే గుచ్చుకుంది.

గీసిన కాయితం తీసి మళ్లీ కొలిచాను.
నా టేపు అబద్ధమాడలేదు.
ప్రింటు తీసినవాడు
పేజీలో పట్టాలని కాస్త కుదించాడని
హైమ ఆరా తీసి చెప్పింది.
అంగుళానికి అర నూలు.
ముప్పయ్యారు ఛాతీకి
రెండంగుళాల పైమాట.

తప్పు నాది కాదు.
ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.
పిగిలిన జాకెట్టు పట్టుకుని
మెట్ల దగ్గర నిలబడ్డవాళ్లని
తప్పెవులిదని అడిగానా ఎప్పుడైనా?
ఎనిమిది వందలూ పంపాను.
అంటే పదిహేడు మంది కొనాలి.
అప్పటికి కొన్నది ఆరుగురు.

ఆ సాయంత్రం మొదటి పేజీ పైమూల
ఒక గడి గీసాను,
అంగుళం పొడుగు, అంగుళం వెడల్పు.
కింద రాసాను:
అమ్మా, గుడ్డ మీద కత్తెర పెట్టకముందు
దీన్ని మీ టేపుతో కొలవండి.
తేడా ఉంటే ఆగండి.
నాకు ఫోన్ చెయ్యండి.

మొన్న నా కాయితమే నాకొచ్చింది,
ఎవులో పంపించారు, ఉచితం అని రాసి.
నా పేరు చెరిపేసారు.
గడి మాత్రం ఉంది,
దాని కింద నంబరూ ఉంది.
హైమ తిట్టుకుంటూ కూచుంది.
నాను కొట్టేసినోళ్ల ప్రింటులో
గడి సరిగ్గా పడిందా లేదా అని చూసాను.

నిన్న జైపూరు నుంచి ఒకామె.
వెనక పిల్లల గోల, మిషను చప్పుడు.
"గడి సరిపోయిందమ్మా" అంది.
కొన్నారా అని అడగబోయి
"అయితే కొయ్యండి" అన్నాను.