తుండు కింద వేళ్లు

మిర్చి యార్డులో తుమ్ముని ఎవరూ లెక్కచెయ్యరు.
శకునం చూసుకుంటే
ఫిబ్రవరి నించి మే దాకా
గుంటూరులో ఒక్క బస్తా గుమ్మం దాటదు.

నేను కాటా మనిషిని.
ఇరవై రెండేళ్లుగా తూకం రాస్తున్నాను.
గుప్పెడు కాయ గలగల్లాడిస్తే చాలు,
ఏది ఎండిందో, దేనిమీద రాత్రి నీళ్లు చల్లారో
చెవితోనే చెప్తాను.
పైన రెండు జానలు తేజ, అడుగున తాలు,
అట్లాంటి బస్తా నా ముందు నిలబడలేదు.

అట్లాంటి చెవికి
మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి
ఒక గొంతు వచ్చింది.
"పేరయ్య గారూ" అంది.
పేరు తెలిసినవాడు పరాయివాడెట్లా అవుతాడు?
బ్యాంకు నించట. కేవైసీ అయిపోయిందట.
ఐదింటికల్లా ఖాతా ఆగిపోతుందట.
ఖాతాలో ఎనభై నాలుగు వేలు,
మా బావమరిది సరుకు డబ్బు. నాది కూడా కాదు.

ఆస్పత్రి కాంపౌండరు గొంతు అది,
ముందు భయపెట్టి
తర్వాత భయపడొద్దనే గొంతు.
"ఒక నంబరు వచ్చుంటుంది, చదవండి సార్."
వచ్చింది.
ఎవరికీ చెప్పొద్దని దాని పక్కనే ఉంది.
తెలుగులోనే ఉంది.
ఎవరికీ అంటే బ్యాంకుకి కాదుగా, అనుకున్నాను.

ఏడు, అన్నాను.
సున్నా.
నాలుగు.
నాలుగు.

తుమ్ము వచ్చింది.

ఎన్ని లక్షల తుమ్ములు తుమ్మానో ఆ షెడ్డులో,
దేనికీ ఆగనివాణ్ణి
దీనికి ఆగాను.
కళ్లనీళ్లు తుడుచుకుందామని
తుండు ముఖం మీదికి లాక్కున్నాను.
లోపల చీకటి. ఘాటు.
నాన్న.

నాన్న కాలంలో బేరానికి అరుపుల్లేవు.
ఇద్దరు ఎదురెదురుగా గొంతుక్కూర్చుని
మధ్యలో తుండు కప్పుకుని
దాని కింద వేళ్లు పట్టుకునేవాళ్లు.
ఏ వేలు నొక్కితే ఆ ధర.
చుట్టూ నలభైమంది మూగినా
ఆ అంకె రెండు చేతులకే తెలిసేది.
ఇంటికొచ్చాక అమ్మ అడిగినా పైకి రాదు.
ఒక్కటే అనేవాడు:
"తొందరపెట్టేవాడి బస్తాలో తడి ఉంటదిరా."

"సార్, ఆ రెండూ చెప్పండి, టైం అయిపోతోంది సార్..."

గలగల లేదు ఆ గొంతులో.

కట్టేశాను. చేతులు వణికి
రెండుసార్లు నొక్కాల్సొచ్చింది.
కార్డు వెనకున్న నంబరుకి నేనే చేశాను.
ఆ అమ్మాయి ఓటీపీ మాటే ఎత్తలేదు.
మీ ఖాతా బాగానే ఉందండీ, అంది.
ఒక గ్లాసు నీళ్లు తాగమని కూడా అంది.

తొడిమలు తీసే మస్తాన్‌బీకి తుమ్ము రాలేదు.
పాత మంచం కొంటామన్నవాడెవడో
డబ్బు పంపడానికని గళ్లబొమ్మ పంపితే
స్కాన్ చేసి పిన్ను కొట్టింది.
పదకొండు వేల రెండొందలు.
ఎన్ని కిలోల తొడిమలో నేను లెక్కగట్టబోతే
వద్దంది.
"డబ్బు తీసుకునేదానికి చెయ్యి చాస్తారు గానీ
పెట్టె తాళం తీస్తారా అన్నా"
అని తనని తనే తిట్టుకుంది.
నేనే పంతొమ్మిది ముప్ఫైకి కలిపి మాట్లాడించాను.
వెంటనే చేసుంటే దారిలో ఆపే వీలుండేదన్నారు.
ఆమె మూడురోజులు సిగ్గుపడి దాచింది.
వాడు ఎంతసేపు సిగ్గుపడ్డాడో తెలీదు.

నిన్న మళ్లీ మోగింది. ఈసారి కరెంటాఫీసట.
నేనేం మాట్లాడలేదు.
బాగా ఎండిన తేజ కాయ ఒకటి తీసి
ఫోను దగ్గర పెట్టి ఆడించాను,
గింజల చప్పుడు
వాడూ వింటాడని.

ఇప్పుడు పిన్ను కొట్టేటప్పుడల్లా
నాన్న తుండు ఫోను మీద కప్పుకుంటాను.
గుమాస్తా కుర్రాళ్లు నవ్వుతారు.
నవ్వనీ.
కింద నా వేళ్లు
ఎదుటి వేళ్లు లేకుండానే
బేరమాడుతుంటాయి.