సర్వీసు నంబరు లేని గుడి

నెల మొదటి వారమంతా పాత ఊరు నాది.
భుజాన మిషను, జేబులో రెండు కాగితం చుట్టలు,
కోటవీధి ఎక్కి చెంగలరావుపేట దిగుతాను.
ఎవరి మెట్ల కింద మీటరుందో,
ఎవరి కుక్క ఊరికే అరుస్తుందో, ఎవరిది నిజంగా కరుస్తుందో
నాకు తెలుసు.
చరిత్ర తెలీదు. యూనిట్లు తెలుసు.

ఒక మీటరు దొరల కాలంనాటి కమాను నుదుట
మేకు కొట్టి బిగించి ఉంటుంది.
ఇంకోటి ఉన్న గోడలో సగం పద్మం ఉంది.
మిగతా సగం ఏదండీ అని అడిగితే
అద్దెకున్నాయన "ఓనర్ని అడగండి" అన్నాడు.
బిల్లు ఓనరు పేరు మీదే వస్తుంది.
ఆయన పోయి ముప్ఫైరెండేళ్లు.

ఐసు గోదాము వెనక సందులో
సర్వీసు నంబరు లేని గుడి ఒకటుంది.
గుడి అంటే మూడు గోడలు,
శిఖరం ఉండాల్సిన చోట బొప్పాయి చెట్టు.
లోపల దేవుడు లేడు, వలలున్నాయి.
పోర్టు నుంచి బొగ్గు దుమ్ము వచ్చి
రోజూ రెండు పూటలా అభిషేకం చేసిపోతుంది.

గడప రాయి మీద నెత్తళ్లు పోసుకుని
గరికిన కాసులమ్మ ఏరుతోంది.
"అంకెలు సదువుతావు గదా బావూ,
ఈ రాయి మీద ఏటి రాసుందో కూడా సెప్పీసి పో.
మాయత్త అడిగింది. ఆళ్లత్త అడిగిందట.
ఎవులూ సెప్నేదు."

పొలుసులు గోటితో గీకి, చెంబెడు నీళ్లు పోసి, వంగి చూశాను.
అయిదు వరుసలు.
మన 'క'కి ముత్తాతలాంటిదొకటి,
తలకట్టు జారిపోయినదొకటి.
చివరి వరుస మీద తరాల తరబడి కత్తులు నూరారు.

మిషనులోంచి మూరెడు కాగితం లాగాను.
వేడికి నల్లబడే కాగితం, సిరా అక్కర్లేదు.
రాతి మీద పరిచి రూపాయి బిళ్ల అంచుతో గీశాను.
రాయంతా నల్లగా పడింది,
అక్షరాలు తెల్లగా మిగిలాయి.

పిల్లలు మూగారు. కాసులమ్మ తమ్ముడు మసేను,
ఓడ ఇంజను గదుల్లో చెవుడు తెచ్చుకుని దిగిపోయినవాడు,
బీడీ ఆర్పి వచ్చి గట్టిగా అందుకున్నాడు:
"సైనాలో ఒక రేవుకెల్లేం. దాని పేరు నాకు నోరు తిరగదు.
సరుకు దింపడానికి నాలుగు రోజులు, ఊరంతా తిరిగేను.
ఆళ్ల బుద్ధుడి గుడి ఎనకాల రెండు స్తంభాలు.
దాని మీద మన అప్పన్నే!
ఒళ్లో ఏసుకుని పేగులు తీస్తన్నాడు.
అక్కడ ఎవులికీ పేరు తెల్దు,
ఊదొత్తులు మాత్రం ఎలిగించీసి పోతన్నారు.
నాను మొక్కనేదు. బూట్లున్నాయి కాళ్లకి.
అప్పన్నా, ఇక్కడేటి నువ్వు, అన్నాను. అంతే."

ఎవరూ ఏమీ అనలేదు.
పోర్టులో సైరను కూసింది.

కాగితం తీసుకెళ్లి డాబాగార్డెన్స్‌లో
ఒక పెద్దాయనకి చూపించాను.
రెండు జతల కళ్లద్దాలు మార్చి, కిటికీ దగ్గర పట్టుకుని,
"మొత్తం రాదు బాబూ" అన్నాడు.
ఒక్క మాట పట్టాడు: దీపానికి.
దాని పక్కన ఏదో లెక్క. నెయ్యో, మేకలో.
ఎవరో ఎవరి పేరనో
ఆరిపోకుండా వెలగాలని ఖర్చు రాసిపెట్టారు.

పై నెల వెళ్లేసరికి
కాగితం జేబు చెమటకి వెలిసిపోయింది,
బూడిద రంగు మరకొకటి మిగిలింది.
రాయి అక్కడే ఉంది, ఈసారి దాని మీద కవ్వలు.

"దీపమా?" అంది కాసులమ్మ.
లోపల వలల చీకటి వైపు ఓసారి చూసింది.
చెయ్యి కొంగుకి తుడుచుకుంది.
"మరైతే, బాకీ ఎంతుందట?"

నేను మిషను తెరిచాను.
అంత పాత తేదీ అది తీసుకోదు.