ఆరు జతల మేజోళ్లు

శుక్రవారం మంగఫ్‌లో మధ్యాహ్నం దాకా ఎవరూ లేవరు.
కిటికీ అవతల సముద్రం కూడా
ఏసీ గాలికి కునుకు తీస్తున్నట్టే ఉంటుంది.
మొయ్‌రా మేడమ్ ఒక్కతే
భోజనాల బల్ల నిండా కాగితాలు పరుచుకుని
చచ్చిపోయినవాళ్లను వెతుకుతుంటుంది.

ఆ యమ్మది ఆస్ట్రేలియా. ఆ యమ్మ ముత్తాతలది కాదు.
తల్లి వైపు ఐర్లండు, తండ్రి వైపు స్కాట్లండు,
రెండూ వానలు తెరిపియ్యని దేశాలంట.
ఆ రెండు వానలూ కలిసింది మాత్రం
మా సుండుపల్లి కన్నా ఎండిన ఊళ్లో.

"పెంచలా, నీ కళ్లు మంచివి, ఇదేం అక్షరమో చూడు."
నా ఇంగ్లీషు ఏడో తరగతి దాటలేదు.
కానీ కొర్రల్లో రాళ్లేరిన కళ్లు కదా,
ఆ గొలుసుకట్టు రాతలో
ఏది సున్నానో ఏది మరకో పట్టేస్తాను.

గేగన్ అని చర్చి పుస్తకంలో,
గోగిన్ అని ఓడ గుమాస్తా దగ్గర,
పోలీసు పుస్తకంలో ఇంకొకటి, నోరు తిరగదు.
ముగ్గురూ ఒకే పిల్ల. హొనోరా. పదిహేడేళ్లు.
చదవగలదు, రాయలేదు అని రాశారు.
రాయలేదు కాబట్టే
ఎవడెట్లా రాస్తే అట్లా అయింది.

గిన్నె తుడుస్తూ నవ్వుకున్నాను.
అరబ్బీలో ప లేదు.
విమానం దిగిన రోజే నేను బెంచలమా అయ్యాను.
ఏజెంటు మా ఇంటిపేరు మింగేసి
మా నాయన పేరు నా వెనక తోకలా కట్టాడు.
మొదటి ఇంట్లో ముసలామె అదీ బరువని
మరియం అంది.
నాలుగేళ్లు మరియం అంటే పలికాను.

ఇంకో కాగితం. అనాథాశ్రమం వాళ్లు
ఓడెక్కించేటప్పుడు ఇచ్చిన పెట్టె లెక్క:
రెండు గౌన్లు, రెండు జతల బూట్లు,
ఆరు జతల ఉన్ని మేజోళ్లు, దువ్వెన, సబ్బు,
సూదీ దారం, ప్రార్థనల పుస్తకం.
మేడమ్ మేజోళ్ల దగ్గర ఏడ్చింది.

నాకు ఏడుపు రాలేదు. లెక్క వచ్చింది.
నాకిచ్చింది ముప్పై కేజీలు.
ఉసిరికాయ ఊరగాయ, రాగిపిండి, జ్వరం మాత్రలు,
అంకాలమ్మ కుంకుమ పొట్లం,
ఆరు చీరలు. ఒక్కటీ కట్టలేదు.
ఆ ఎండల్లో ఆ పిల్ల
ఆ ఉన్నినంతా ఏం చేసుకుందో.

సాయంత్రం బాంగు వినబడే వేళకు దొరికింది పోలీసు ముక్క.
యజమానికి చెప్పకుండా పని వదిలి పోయింది.
పట్టిచ్చినవారికి బహుమానం.
మేడమ్ కనుబొమలు ముడిచింది, దొంగతనమేమో అని.

"దీనికి ఇక్కడ మాకొక మాటుంది, ఖల్లివెల్లి" అన్నాను.
అని, సింకు వైపు తిరిగి
కడిగిన గ్లాసే మళ్లీ కడిగాను.

తర్వాత మూడేళ్లు ఆ పిల్ల ఎక్కడా లేదు.
మూడేళ్లకు తేలింది, లాక్లాన్ అనే స్కాట్లండు గొర్రెల కాపరి పక్కన,
చంకలో బిడ్డతో.
ఆ మూడేళ్లు ఎక్కడుంది, ఏం తింది,
మేడమ్ ఆ సందులోకి వేలు పెట్టి తడుముతుంటుంది.

నాకు తెలుసు.
హసావీలో ఒక గది. ఏడుగురం. ఒక కిటికీ, దానికీ అట్టముక్క.
వ్యాను చప్పుడైతే బల్బు ఆర్పేవాళ్లం.
బద్వేలు సుబ్బరత్న ఎవరని అడగలేదు,
తన దుప్పటి సగం నా వైపు తోసి
గోడకు తిరిగి పడుకుంది.
పదకొండు నెలలు ఆ సగం దుప్పటి.
ఏ గుమాస్తా రాస్తాడు దాన్ని?

"ఎవరో ఒకామె చోటిచ్చి ఉంటుంది మేడమ్."
"సాక్ష్యం లేదు పెంచలా" అంది.
పెన్సిలుతో ఆ ఖాళీ మీద
చిన్న ప్రశ్న గుర్తు పెట్టింది.

చాయ్ చల్లారిపోతోందన్నాను.