కడబంతి

జూన్ మొదటి మంగళవారం.
మా స్లేటర్ క్రీక్ ఫైర్ స్టేషన్‌లోంచి
ఎర్ర బండిని వానలోకి తోసి
అది నిలబడే చోట మడతబల్లలు వేశాం.
నేల మీద నూనె మరక.
ఎవరూ జారకుండా అట్టముక్క పరిచాను.

బ్యాలెట్ మీద ఏడు పేర్లు.
ఐదుగురు వసంతం రాకముందే ఇళ్ళకెళ్ళిపోయారు,
కృతజ్ఞతలు చెప్పి, భార్య చెయ్యి పట్టుకుని,
ఒకాయనైతే ఏడ్చి.
పోటీ మానినట్టు మా మోంటానాకి
ఒక ముక్క రాయడం మాత్రం మరిచారు.
విస్తళ్ళెత్తేశాక వచ్చిన చుట్టాలం మేం.

మా పెదనాన్న కూతురు లవర్న్‌ది అయోవా.
దాని ఫ్రిజ్ తలుపు మీద పదకొండు ఫోటోలు,
పదకొండుమందీ దాని భుజం మీద చెయ్యి వేసినవాళ్ళే.
ఒకడు దొడ్డిదాకా వచ్చి పందిపిల్లని ఎత్తుకున్నాడు,
కోటు ఖరాబైనా దించలేదు.
"చెయ్యి పట్టుకుంటే తెలిసిపోతుందే ఆర్డిస్,
పని చేసిన చెయ్యో కాదో" అంటుంది.
నేను టీవీలో చూసిన చేతులకి
చెమట పట్టదు.

"పెద్ద రాష్ట్రాలు ముందు వేస్తే
విమానం దిగకుండానే గెలుస్తారు.
మాది చిన్నది కాబట్టి నడిచి రావాలి" అంటుంది.
"మేమూ కొద్దిమందిమేగా?"
"మీరు కొద్దిమంది కాదు. దూరం."
దానికి నా దగ్గర జవాబు లేదు,
ఇప్పటికీ.

తర్వాత ఒక పార్టీవాళ్ళు
లవర్న్ వాళ్ళ ముందు వరుసా లాగేశారు.
దక్షిణాన ఉప్పుగాలి ఊళ్ళవాళ్ళు అడిగారట,
ఇన్నేళ్ళూ ఓట్లు మోసింది మేమైతే
మా గొంతు మొదట వినబడకూడదా అని.
న్యాయమే అన్నాను.
మూడు వారాలు నా ఫోన్ ఎత్తలేదు.

వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిని కూర్చున్నా ఒకటే అంటారు.
అసలు కడబంతి ఉందనే ఎరగనివాడైతే?

రెండింటికి జోరెల్ ఓల్డ్ ఎల్క్ వచ్చాడు.
పద్దెనిమిది నిండి తొమ్మిది రోజులు.
కంచె పని మధ్యలో వచ్చినట్టున్నాడు,
జేబులోంచి తొడుగులు వేలాడుతున్నాయి.
పన్నెండేళ్ళు నా స్కూల్ బస్సులో తిరిగాడు.
వాడిదే మొదటి స్టాప్, చీకటితో ఎక్కి
చివరి సీటుకి పోయి పడుకునేవాడు.
ఒక ఏడు దారి తిరగేశాను,
చివరివాళ్ళని ముందు ఎక్కించుకుందామని.
ఊళ్ళో తల్లులంతా స్కూలు ముందు నిలబడి తిట్టారు.
బస్సుకి ముందుండమంటే ఎవరికీ ఇష్టం లేదు.
వారంలో పాత దారే.

జోరెల్ మూడో పేరు మీద వేలు పెట్టాడు.
"ఈవిడ ఇంకా ఉందా?"

లోపల ఏ పేరు మీదా నోరు విప్పనని
పొద్దున్నే చెయ్యెత్తి ప్రమాణం చేశాను.
"కాగితం మీద ఉంది కదా" అన్నాను.
అబద్ధం కాదు.
నిజమని మా అమ్మ ముందు మాత్రం చెప్పలేను.
వాడు పరీక్ష రాస్తున్నట్టు
నాలుక కొన పంటికింద పెట్టుకుని
గుండ్రాన్ని అంచుదాకా నింపాడు.

రాత్రి తలుపులు మూసేసరికి నలభై మూడు ఓట్లు.
మూడో పేరుకి ఆరు.
ఆ ఆరుగురూ ఎవరో నాకు తెలుసు,
తెలియకూడదు.
ఇవే ఫిబ్రవరి మంచులో పడుంటే అని
లెక్క కట్టబోయి ఆపేశాను.
ఆరు ఆరే.

కౌంటీ ఆఫీసు ముప్ఫై ఎనిమిది మైళ్ళు.
వెనక సీట్లో అవతలి పార్టీ కాపలా మనిషి డెల్మర్
గురక పెడుతున్నాడు.
వాన వెలిసింది. పడమట ఇంకా వెలుగుంది.
రెండో కొండ దాటకముందే
రేడియోలో మా రాష్ట్రం ఫలితం చెప్పేశారు,
ఒక్క వాక్యం,
తర్వాత గోధుమల ధర.

సీలు వేసిన సంచీ నా పక్కసీట్లో ఉంది.
మలుపులో జారబోతే
బండి ఆపి
దానికి సీటుబెల్టు పెట్టాను.